తిరునాళ్ళలో నేను చెప్పని మాట

పోయిన నెల ఒక అమ్మాయి కర్నూల్లో మా ఇంటికి వచ్చింది. పశువైద్యురాలిగా కొత్తగా ఉద్యోగంలో చేరింది. మొదటి పోస్టింగే జిల్లాకు పడమటి వైపు ఒక మండలంలో. నేను ఆ పక్క ఊళ్ళల్లో చాలా ఏళ్ళు పనిచేశానని ఎవరో చెప్పారట. కుర్చీలో కూర్చుందో లేదో అడిగేసింది: "మేడమ్, ఈ ఉద్యోగంలో సంతోషం ఉంటుందా?"

ఉంటుందమ్మా, ఎందుకుండదు అని చెప్పి పంపించేస్తే సరిపోయేది. పెద్దవాళ్ళం అలాగే కదా చెప్తాం. ఆ మాట అనకుండా మాట మార్చాను. మందుల సంచిలో ఏమేం పెట్టుకోవాలో చెప్పాను. ఎండాకాలం ఊళ్ళు తిరిగేటప్పుడు మజ్జిగ తాగమన్నాను. ఆ అమ్మాయి మర్యాదగా తల ఊపి, టీ తాగి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. పొద్దున్నే కేసీ కాలువ గట్టు మీద నడుస్తూ ఆ ప్రశ్నకు ఒక జవాబు తయారు చేసుకుంటాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపే అది తప్పని తెలిసిపోతుంది.

అందుకని రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ ఫైలు ఏ బల్ల మీద ఆగింది అన్నవి మీకు అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తు లేవు. నేను చెప్పాల్సింది ఒక ఎద్దు గురించి. అంతకుముందు ఒక గేదె గురించి చెప్పాలి, లేకపోతే ఎద్దు దగ్గర నేను చేసిన పని ఎంత తప్పో మీకు తెలియదు.

*చదువు*

మాది ప్రొద్దుటూరు. మా నాయనకు బట్టల అంగడి ఉండేది. అంగడి వాళ్ళ పిల్ల పశువుల కాలేజీలో చేరుతుందంటే చుట్టాలందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. ఆ కోపంతోనే చదివాను. క్లాసులో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేదాన్ని. ఆ సంగతి నా నడకలో కూడా కనిపించేదని తర్వాత తెలిసింది.

నా మొదటి పై అధికారి ఖాదర్ సార్. పొట్టిగా, పలచగా ఉండేవారు. మాట తక్కువ. చేరిన కొత్తలో ఒక ఊరికి ఇద్దరం వెళ్ళాం. ఒక ఇంట్లో గేదె నాలుగు రోజులుగా పాలు చేపడం లేదు. పొదుగు నిండుగా ఉంది, చుక్క దిగడం లేదు. నేను జ్వరం చూశాను, పొదుగు చూశాను, కడుపు మీద చెవి పెట్టి విన్నాను. అరపేజీ మందులు రాశాను. ఖాదర్ సార్ కొట్టం గుంజ మీద చేయి వేసి నిలబడి ఆ ఇంటి పెద్దామెను అడిగారు:

"రోజూ దీని పాలు పిండేది ఎవరమ్మా?"

"మా కోడలు సార్. కాన్పుకని పుట్టింటికి పోయింది."

"ఎప్పుడు పోయింది?"

"నాలుగు దినాలాయ."

"ఆ పిల్ల కట్టుకునే చీర ఒకటి ఉందా ఇంట్లో?"

చీర ఉంది. దాన్ని కట్టుకుని పాలకు కూర్చోమంటే మాత్రం పెద్దామె ఒప్పుకోలేదు. "కోడలి చీర నేను కట్టుకోవల్లనా? ఊరంతా నగరా?" అని కస్సుమంది. చివరికి ఆ కోడలి మొగుడే, ఇంత మీసం ఉన్నవాడు, చిలకపచ్చ చీర ఒంటికి చుట్టుకుని చెంబు పట్టుకుని కూర్చున్నాడు. గేదె వెనక్కి తిరిగి చీర వాసన చూసింది. ఒకసారి పెద్దగా ఊపిరి వదిలింది. కాసేపటికి చెంబులో పాలు పడుతున్న చప్పుడు వినిపించింది. వీధిలో జనం పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను. జీపులో కూర్చున్నాక నా అరపేజీని నాలుగు ముక్కలు చేశాను.

"నీ చదువేం తప్పు కాదు బేటీ," అన్నారు ఖాదర్ సార్. "ఒక ప్రశ్న తక్కువైంది, అంతే."

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెప్పేది ఏమంటే, తెలుసుకోవడంలో నిజంగానే ఒక సంతోషం ఉంది. రోగం ఏదో పట్టుకున్న క్షణాన గుండెలో చక్కిలిగింత పెట్టినట్టుంటుంది. ఆ సంతోషాన్ని నేనేమీ తక్కువ చేయను, దాని కోసమే ఎన్నో మైళ్ళు మట్టిరోడ్ల మీద తిరిగాను. కానీ అది మనకు కలిగే సంతోషం. పశువుకు దానితో సంబంధం లేదు. ఈ రెండింటినీ నేను చాలాకాలం ఒకటే అనుకున్నాను.

*మచ్చలేని మనిషి*

ఖాదర్ సార్ తర్వాత ఇంకొక అధికారి వచ్చారు. పేరు అవసరం లేదు. ఎవరింట్లోనూ కాఫీ తాగేవారు కాదు. రైతులు ప్రేమగా నాలుగు వేరుశనగ కాయలు చేతిలో పెట్టినా వెనక్కి ఇచ్చేసేవారు. ఆయన గురించి చెడు మాట ఒక్కటి ఎక్కడా వినలేదు. పశువును ముట్టుకోగా కూడా నేను చూడలేదు. ఆయన చేతికి మచ్చా లేదు, పేడా లేదు.

ఆయన్ను చూసి నేను నవ్వుకునేదాన్ని. తప్పు చేయకపోవడమే మంచితనం అనుకుంటే ఎలా, ఎవరికో ఒకరికి పనికి రావాలి కదా అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన కనీసం ఎవరి ఎద్దునూ కుంటిదాన్ని చేయలేదు. ఈ విషయంలో నా అభిప్రాయం పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటిగా ఉంటోంది.

*మద్దిలేటి ఎద్దు*

ఆ ఊరి పేరు రాయను. ఆలూరు వైపు నల్లరేగడి పొలాల మధ్య ఉంటుంది. అక్కడికి నేను వెళ్ళిన కొత్తలో ఊరి సర్పంచి నా ఎదురుగానే అన్నాడు: "ఎద్దులకు ఆడ డాక్టరేందప్పా? సీమలో మొగోళ్ళు కరువైనారా?" ఎనిమిదేళ్ళు ఆ ఊరికి తిరిగాను. ఆవులకూ గొర్రెలకూ నన్నే పిలిచేవాళ్ళు గానీ, ఎద్దుల జోలికి మాత్రం రానిచ్చేవాళ్ళు కాదు. వాటికి పక్క మండలం నుంచి మగ డాక్టరును తెచ్చుకునేవాళ్ళు. పైకి నవ్వేదాన్ని, లోపల మంట.

ఆ ఊళ్ళో నన్ను ఎద్దు దగ్గరికి మొదట పిలిచినవాడు మద్దిలేటి. నాకంటే ఐదారేళ్ళు పెద్దవాడు. నాలుగెకరాల వర్షాధారపు చేను, ఒక జత ఎద్దులు, భార్య సుంకులమ్మ, అంతే వాళ్ళ సంసారం. ఆ ఎద్దులు బండలాగుడు పోటీల్లో పేరున్నవి. ఊరి తిరునాళ్ళకు బరువైన రాతిబండను తాళ్ళతో కాడికి కట్టి, ఏ జత ఎంత దూరం లాగుతుందో చూస్తారు. ఏడాది పొడుగునా జనం మాట్లాడుకునేది దాని గురించే. ఆ ఏడు తిరునాళ్ళకు నాలుగు రోజుల ముందు, సాధనలో మద్దిలేటి కుడివైపు ఎద్దు ముందుకాలు పట్టేసింది.

మా అటెండరు దస్తగిరి, నేను వెళ్ళాం. మోకాలి కింద నరం వాచి వేడిగా ఉంది. వేలు పెట్టగానే ఎద్దు కాలు లాక్కుంది. నెలరోజులు కదలకుండా కట్టేస్తే నయమవుతుంది, బరువు లాగితే తెగిపోతుంది. ఇందులో అనుమానమేమీ లేదు, ఆ మాటే చెప్పాను.

"సరే మేడమ్, కట్టేస్తా," అన్నాడు మద్దిలేటి. "నొప్పికి గడ్డి కూడా ముట్టుకుంటల్లేదు. నొప్పి తగ్గను ఏదన్నా సూదెయ్యి. దాని మొగం సూడలేకపోతాండా."

"పోటీకి తోలుకొని పోవు గదా అన్నా?"

"యాడ పోతా మేడమ్. నడిచ్చే అంతే చాలు."

సుంకులమ్మ ఎద్దు నొసలు మీద చేయి పెట్టి నిలబడి ఉంది. "నెల దినాలని ఇంకొంచెం గట్టిగ చెప్పు మేడమ్. నా మాట యాడ ఇంటాడు," అంది.

నేను గట్టిగా చెప్పలేదు. మొదటిసారి నన్ను ఎద్దు దగ్గరికి పిలిచిన మనిషిని కసురుకోవాలని అనిపించలేదు. సూది వేశాను. అంతటితో ఆగలేదు. ఆ ఊరికి బస్సు లేదు, రోజూ రాలేను. కాబట్టి ఇంకో రెండు రోజులకు సరిపడా మందు, సిరంజీ మద్దిలేటి చేతికే ఇచ్చాను. మా వృత్తిలో అందరం చేసే పనే అది, రైతులు సూది వేయడంలో మాకంటే తీసిపోరు. నొప్పి తెలియని కాలును ఎద్దు ఎంత నమ్ముతుందో నాకు తెలుసు. దస్తగిరి నా వైపు ఒకసారి చూసి సంచి మూసేశాడు.

తిరునాళ్ళ రోజు నన్ను పిలిచారు. పోటీకి ముందు ప్రతి జతనూ పశువైద్యులు చూసి సరే అనాలి. ఆ ఏడాది మగ డాక్టరు రాలేదో, వాళ్ళే పిలవలేదో, నన్నే రమ్మన్నారు. జతలు ఒక్కొక్కటే వచ్చాయి. ఐదోది మద్దిలేటిది. కొమ్ములకు రంగులు, మెడలో గజ్జెలు. కుంటడం లేదు.

వంగి మోకాలి కింద నొక్కాను. ఎద్దు కదల్లేదు. వాపు మాత్రం నా వేళ్ళ కింద అలాగే ఉంది. దాచుకున్న నా మందే ఆ రోజు పొద్దున్నే పొడిచాడని నాకు తెలిసింది. అనుమానం కాదు, తెలిసింది. లేచి నిలబడ్డాను. సర్పంచి మైకు పట్టుకుని అంటున్నాడు: "నాలుగు దినాల కింద కుంటిన ఎద్దును సూడండప్పా ఇప్పుడు! మన డాక్టరమ్మ చెయ్యి అది. ఈయమ్మ మన ఊరి ఆడబిడ్డ!" చుట్టూ జనం ఈలలు వేశారు. ఎవరో నా మెడలో చేమంతి దండ వేశారు.

నేను "సరే" అన్నాను.

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, నాకు ఆ క్షణంలో బాధ కలగలేదు. సంతోషం కలిగింది. ఎనిమిదేళ్ళ మంట ఒక్క దండతో చల్లారింది. ప్రొద్దుటూరులో ముక్కు మీద వేలేసుకున్న చుట్టాలందరూ ఇక్కడుంటే బాగుండు అనిపించింది. వేదిక మీద కుర్చీ వేస్తే కూర్చున్నాను. మద్దిలేటి జతను బండకు కట్టేటప్పుడు అటు చూడలేదు. దండలో పూలు సర్దుకుంటూ కూర్చున్నాను. లేచి మైకు దగ్గరికి పోయి ఒక్క మాట చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. అందరూ అంత ఆనందంగా ఉంటే ఎలా చెప్పేది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ జతే గెలిచింది. చివరి లాగులో కాలి నరం తెగింది. కేకల్లో ఎవరికీ వినపడలేదు. బండ ఆగాక చూస్తే ఎద్దు మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. మద్దిలేటిని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్ళు అది చూసి మెల్లగా కిందికి దించారు.

అందరూ నన్ను అడిగారు. "లాగేటప్పుడు ఒక్కోసారి ఇట్లా అవుతుంది," అన్నాను. మద్దిలేటి సూది సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తిరుగుదారిలో దస్తగిరి ఒకే ఒక్క మాట అడిగాడు: "మేడమ్, నొక్కినప్పుడు మీకు తెల్లేదా?"

"నీ పని నువ్వు చూసుకో," అని కసిరాను.

దస్తగిరి ఆ తర్వాత పన్నెండేళ్ళు నా దగ్గరే పనిచేశాడు. చెప్పిన పని కాదనలేదు. నా ఇంట్లో పెళ్ళికి వచ్చి గాడిపొయ్యి దగ్గర నిలబడి చెమటలు కక్కుతూ వంటలు చూసుకున్నాడు. నన్ను ప్రశ్న మాత్రం మళ్ళీ ఒక్కటి కూడా అడగలేదు. పక్కనుండి అడిగే మనిషి లేకపోతే ఈ వృత్తిలో తప్పులు ఎంత సులువుగా జరిగిపోతాయో నాకు ఆ పన్నెండేళ్ళల్లో తెలిసింది. ఆ మనిషి నోరు మూయించింది నేనే.

*పదహారేళ్ళ తర్వాత*

ఆ అమ్మాయి ప్రశ్న అడిగి వెళ్ళాక పది రోజులు ఓపిక పట్టాను. పదకొండో రోజు పొద్దున బస్సెక్కాను. దిగి ఆటో మాట్లాడుకుని మద్దిలేటి ఊరికి వెళ్ళాను. ఇప్పుడు ఆ ఊరికి తారు రోడ్డు పడింది. సర్పంచి చనిపోయాడు. మద్దిలేటి అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. చూపు మందగించింది గానీ గొంతు గుర్తుపట్టాడు.

"డాక్టరమ్మా! ఏందమ్మా ఇట్ల వచ్చినావు? బాగుండావా?"

సుంకులమ్మ టీ తెచ్చింది. గ్లాసు పక్కన పెట్టాను. ఆ ఎద్దు ఏమైందని అడిగాను. ఆరేళ్ళు బతికిందట. కొనేవాళ్ళు వచ్చి అడిగినా ఇవ్వలేదట. దాన్ని మేపుకుంటూ, సేద్యం మాత్రం బాడుగ ట్రాక్టరుతో చేసుకున్నారు.

"మద్దిలేటన్నా," అన్నాను, "ఆ పొద్దు నాకు తెలుసు. వాపు నా చేతికి తగిలింది. నువ్వు సూదేసినావని తెలిసే సరే అన్నాను."

మద్దిలేటి తాడు పేనడం ఆపలేదు. "నాకూ తెల్సమ్మా, నీకు తెల్సని. నొక్కినప్పుడు నీ మొగం సూసింటిని."

"మరి ఎందుకు తోలినావు?"

"నాకు ఒగపక్క ఆశ, ఒగపక్క బయం. బండకు కట్టేటప్పుడు కూడా నీ తట్టే సూస్తాంటిని. ఈయమ్మ శానా సదువుకునింది, కూడదంటే లేచి చెప్తాది, చెప్తే ఇడ్సేద్దాం అనుకుంటి. నువ్వు పూలు సర్దుకుంటాంటివి. ఏం గాదులే, అయ్యేదుంటే ఈయమ్మ గమ్మున కూకోదు గదా అని తోల్తి."

కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. అతను కోప్పడలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇన్నేళ్ళూ నేను అనుకున్నది వేరు. వాళ్ళ సంతోషం చెడగొట్టలేక ఊరుకున్నానని, అది మెత్తదనమేనని, పెద్ద పాపమేమీ కాదని ఎక్కడో ఒక మూల నమ్ముతూ వచ్చాను. నిజానికి ఆ రోజు ఒక మనిషి తన ఎద్దును నా చదువు చేతిలో పెట్టి నిలబడి చూస్తుంటే, నేను దండ సర్దుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. సుంకులమ్మ చూడనట్టు తల తిప్పుకుంది.

"గెలిచిన పొద్దు సంతోషం అనిపించిందా అన్నా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"శానా. అబద్దమెందుకు చెప్పల్ల? బుజాల మీద ఎక్కించుకున్నంతసేపు నా అంత మొగోడు లేడనుకుంటి. ఆరేండ్లు దానికి నీళ్ళు పెట్టేటప్పుడంతా అదే గ్యాపకమొస్తాండె. ఆ సంతోషం ఇప్పుడు తలుసుకోవల్లంటే సిగ్గయితాది."

సుంకులమ్మ టీ గ్లాసులు తీసింది. తీస్తూనే అడిగింది. "ఎట్లాగూ వచ్చినావు గదా మేడమ్, మా పడ్డను ఒగసారి సూడు. రెండేండ్ల నుంచి సూదులేపిస్తాండాం, చూలు కట్టల్లేదు. వచ్చినోళ్ళంతా మల్లాసారి కడ్తాదిలే అంటాండారు." ఎంతో ఆశగా పెంచుకున్న, ఇంకా ఈనని గేదె పడ్డ అది. మెడలో నీలిపూసల దండ కట్టింది. దీని పాడితోనే ఇక ఇల్లు గడవాలని, దానికి దూడ పుడితే పెట్టే పేరు కూడా అనుకుందని చెప్పింది.

రిటైరైనా నా సంచిలో చేతితొడుగు ఒకటి ఉంటూనే ఉంది. చెయ్యి పెట్టి చూశాను. ఒకసారి సరిపోయేది, రెండుసార్లు చూశాను. గర్భసంచి ఎదగనే లేదు, చిటికెన వేలంత ఉంది. సుంకులమ్మ నా మొహంలోకే చూస్తోంది. వచ్చినవాళ్ళంతా మళ్ళీసారి అని ఎందుకన్నారో నాకు అర్థమైంది. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఒక మాటతో ఆమె మరో ఏడాది సంతోషంగా ఉంటుంది, నన్ను మంచిదాన్ని అనుకుంటుంది.

"ఇది కట్టదు సుంకులమ్మా," అన్నాను. "ఎన్ని సూదులేసినా కట్టదు. పుట్టుకతోనే లోపల ఎదగలేదు. ఇంక దీని మీద ఆశ పెట్టుకోవద్దు."

ఆమె మొహం మాడిపోయింది. "ఒగసారి సూసి అంత గట్టిగ ఎట్ల చెప్తావు? ఇంతమంది డాక్టర్లకు తెలీలేదా? ఇంటికొచ్చి ఇట్లాంటి మాటనా అనేది?"

"అననీలే," అన్నాడు మద్దిలేటి అరుగు మీద నుంచి. "ఇప్పుడన్నా చెప్తాండాది."

చేయి కడుక్కోవడానికి నీళ్ళు అడిగాను. సుంకులమ్మ చెంబు తెచ్చింది. నా చేతికి ఇవ్వకుండా, నా ముందు నేల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.